పిసకడం మానేశాకే పాలగడ్డ తగ్గింది

బాబు పుట్టిన ఐదో వారం. తెల్లవారుజామున లేచేసరికి ఎడమ రొమ్ములో, చంక వైపు, ఉసిరికాయంత గడ్డ. చెయ్యి ఆనితే ప్రాణం పోయేంత నొప్పి. మలక్‌పేటలోని మా ఇంట్లో పథ్యం దగ్గర నుంచి అన్నీ అమ్మే చూస్తోంది. "పాలు గడ్డకట్టాయమ్మా, గట్టిగా పిసికితే కరిగిపోతుంది" అంటూ వేడి కాపడం పెట్టి, నూనె రాసి రుద్దింది. అమ్మను తప్పుపట్టను, తనకూ అలాగే చేశారు. సాయంత్రానికి గడ్డ పెరిగి చర్మం ఎర్రబడింది.

మర్నాడు డాక్టరమ్మ అసలు సంగతి చెప్పారు. పాలు ప్రవహించే నాళాల చుట్టూ కణజాలం వాచి పాల దారి ఇరుకవుతుంది. పిసికితే ఆ వాపు ఎక్కువవుతుంది. పంపుతో అదనంగా పిండితే పాలు మరింత ఊరతాయి. తల్లిపాల విషయంలో పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంస్థ అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022 మార్గదర్శకాల్లోనూ గట్టి మర్దన వద్దనే ఉంది.

పాలు పట్టాక ఐసు ముక్కలను పాత నూలు చీర పేలికలో చుట్టి 10 నిమిషాలు ఆనించాను. బాబు అడిగినప్పుడల్లా మామూలుగానే పట్టాను. డాక్టరమ్మ రాసిచ్చిన ఐబుప్రొఫెన్ (నొప్పి, వాపు తగ్గించే మాత్ర) వేసుకున్నాను, బిగుతైన లోదుస్తులు పక్కన పెట్టాను. మూడో రోజుకు గడ్డ చేతికి తగల్లేదు. చలిజ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా రమ్మని డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు.