దూరాన ఉన్న మనవాళ్ళతో ఇంటి వేడుక పంచుకోవడం ఎలా?

ఇంట్లో వేడుక అనగానే రాలేనివాళ్ళు నలుగురైనా ఉంటారు. ఒకరికి సెలవు దొరకదు, ఒకరికి వీసా రాదు, ఇంకొకరికి మోకాళ్ళు సహకరించవు. వాళ్ళందరి కోసం మనం చేసే పని ఒకటే. మర్నాడు పొద్దున గ్రూపులో నూట ఎనభై ఫోటోలు పడేస్తాం. అటునుంచి రెండు పూలగుత్తుల బొమ్మలు, ఒక దండం వస్తాయి. అక్కడితో సరి.

మా చెల్లి పెళ్ళికి అలా కాకూడదని ఫోన్‌కు స్టాండు కొని లైవ్ పెట్టాను. లింకు గర్వంగా అందరికీ పంపాను. సముద్రం అవతల ఉన్న మా పిన్ని నిద్ర మానుకుని చూసింది. తర్వాత ఫోన్ చేస్తే, "బాగా జరిగిందిరా. ఆ ఫోటోలు తీసే అబ్బాయి వీపు మాత్రం ఈ జన్మకు మర్చిపోలేను" అంది. రెండు గంటలూ ఆవిడకు కనిపించింది అదే. మాటలైతే వినపడనే లేదట. దానికి ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఫోన్ పెట్టేసే ముందు అన్న మాట గుచ్చుకుంది: "ఒక్కసారన్నా పిల్లని నావైపు తిప్పుతావేమోనని చూస్తూ కూర్చున్నా."

ఆవిడకు పెళ్ళి చూపించాను గానీ, పెళ్ళికి పిలవలేదు. తర్వాత వచ్చిన వేడుకల్లో ఆ పొరపాటు దిద్దుకుంటూ నేర్చుకున్న పద్ధతి ఇది.

1. ముందు ఒక కాగితం తీసుకోండి

రాలేనివాళ్ళ పేర్లు రాయండి. వందమంది అక్కర్లేదు. రాలేకపోయినందుకు నిజంగా బాధపడేవాళ్ళు ఎవరు? ఐదారుగురికి మించి ఉండరు. మీ శ్రమలో ఎక్కువ భాగం వాళ్ళకోసం. మిగతావాళ్ళకు మంచి ఫోటోలు, ఒక మంచి మాట చాలు.

ప్రతి పేరు పక్కన మూడు సంగతులు రాసుకోండి: వాళ్ళ దగ్గర ఎలాంటి ఫోన్ ఉంది, పక్కన సాయం చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, మీకు వాళ్ళకు మధ్య ఎన్ని గంటల తేడా. లింకు నొక్కడం రాని పెద్దాయనకు లింకు పంపితే మనం పంపినట్టే లెక్క, ఆయనకు చేరినట్టు కాదు. ఆయనకు పక్కింటి కుర్రాడి నంబరు సంపాదించడమే అసలు పని.

2. వార్త ఎవరికి ముందు చెప్పాలి?

సంబంధం కుదిరినా, పాప పుట్టినా, పిల్లాడికి పట్టా వచ్చినా వార్త ఫేస్‌బుక్‌లో పెట్టకముందే దగ్గరివాళ్ళు మీ గొంతుతో వినాలి. సొంత మేనత్తకు ఆ సంగతి ఎవరి స్టేటస్‌లోనో కనిపిస్తే, ఆ తర్వాత మీరు ఎన్ని ఫోటోలు పంపినా ఆ వెలితి పోదు. ఇద్దరు ముగ్గురు కూర్చుని పేర్లు పంచుకుంటే గంటలో ఫోన్లన్నీ అయిపోతాయి. "అందరికీ చెప్పేదాకా గ్రూపులో పెట్టకండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఎవరో ఒకరు ఆగలేక పెట్టేస్తారు. అందుకే ఆ ఉత్సాహవంతుడికి ఆఖరున ఫోన్ చేయండి.

ఒక్కచోట మాత్రం ఫోన్ కంటే మెసేజ్ మేలు. పిల్లలకోసం ఏళ్ళుగా ఎదురుచూస్తున్న స్నేహితురాలికి, ఈమధ్యే విడాకులైన వాళ్ళకు మీ శుభవార్త సంతోషంతోపాటు ఎక్కడో కలుక్కుమనిపించవచ్చు. ఫోన్‌లో చెబితే అప్పటికప్పుడు సంబరపడిపోవాలి. మెసేజ్ అయితే కాసేపు తమలో తాము ఉండి, తేరుకుని, తామే ఫోన్ చేస్తారు.

3. టైము రాసేటప్పుడు తేదీ, ఊరు కూడా రాయండి

దూరపు వేడుకలన్నిటినీ ఎక్కువగా చెడగొట్టేది నెట్ కాదు, గడియారం. "ఆదివారం ఉదయం 10 గంటలకు" అని రాస్తే అది ఎవరి ఆదివారం? ప్రతి ఊరి టైమూ తేదీతో సహా విడివిడిగా రాయండి. అర్ధరాత్రి 12 అని ఎప్పుడూ రాయకండి. శనివారం రాత్రి 12 అంటే కొందరు ఒకరోజు ముందు మేలుకుని కూర్చుంటారు.

ఇంకో చిక్కు, కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చుకుంటారు, అదీ అందరూ ఒకేరోజు కాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. ఐరోపాలో మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. అందుకే లండన్‌కూ న్యూయార్క్‌కూ మధ్య మామూలుగా 5 గంటల తేడా ఉన్నా, మార్చిలో రెండు మూడు వారాలు అది 4 గంటలే. సిడ్నీలో ఎండాకాలం, చలికాలం తిరగబడి ఉంటాయి కాబట్టి లండన్‌తో తేడా ఒకప్పుడు 9 గంటలు, ఇంకొకప్పుడు 11. పోయిన పండక్కి గుర్తున్న తేడాను నమ్ముకోకండి. గూగుల్ క్యాలెండర్‌లో ఆహ్వానం పంపితే అవతలివాళ్ళ ఫోన్ వాళ్ళ టైములోకి తానే మార్చి చూపిస్తుంది.

ఎవరి టైము ఎలా ఉన్నా ఎవరో ఒకరికి తెల్లవారుజామున 3 అవుతుంది. వాళ్ళను లేవమని మొహమాటపెట్టకండి. "నిద్రపో, రికార్డింగ్ ఉంటుంది, నీతో విడిగా మాట్లాడిస్తాం" అని ముందే చెప్పేయండి.

4. వీడియో కాల్ పెట్టాలా, లైవ్ పెట్టాలా?

అటువాళ్ళు కూడా మాట్లాడాలంటే కాల్. చూస్తే చాలనుకుంటే లైవ్. లైవ్‌లో మనం చేసింది అవతల కనిపించడానికి కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా పట్టవచ్చు, అందులో ముచ్చట్లు సాగవు.

వాట్సాప్ వీడియో కాల్‌లో 32 మంది దాకా చేరవచ్చు. జూమ్ ఉచితంగా వాడితే 100 మంది, కానీ 40 నిమిషాలకు కట్ అవుతుంది. గూగుల్ మీట్‌లోనూ 100 మందే, ముగ్గురు లేదా అంతకుమించి ఉంటే 60 నిమిషాలు. అసలు ఘట్టం 41వ నిమిషంలో వచ్చే వేడుకలే ఎక్కువ, కాబట్టి రెండో లింకు సిద్ధంగా ఉంచండి.

యూట్యూబ్ లైవ్‌కు టైము చిక్కు లేదు. 12 గంటల లోపు లైవ్ అయితే రికార్డింగ్ కూడా అక్కడే నిలిచిపోతుంది. అయితే మొదటిసారి లైవ్ ఆన్ చేసుకున్నప్పుడు అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ఫోన్ నుంచి పెట్టాలంటే ఛానెల్‌కు 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కంప్యూటర్, వెబ్‌క్యామ్ అయితే ఆ నియమం లేదు. వేడుక రోజు పొద్దున ఇవి తెలిస్తే వచ్చే టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. వీడియోను "అన్‌లిస్టెడ్"గా పెట్టండి, లింకు ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది, వెతికితే దొరకదు. వెనకాల సినిమా పాటలు మోగుతుంటే కాపీరైట్ కింద లైవ్ మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. పాటలు పెట్టే అబ్బాయికి ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

5. ఒకరోజు ముందు రిహార్సల్

ఇది మానేయాలనిపిస్తుంది. మానకండి.

వేడుక జరిగే చోటికే వెళ్ళి, దాదాపు అదే వేళకు నెట్ వేగం చూడండి. డౌన్‌లోడ్ అంకె కాదు, అప్‌లోడ్ అంకె ముఖ్యం, మనం పంపేవాళ్ళం కాబట్టి. 720పి (ఓ మోస్తరు స్పష్టమైన బొమ్మ) లైవ్‌కు దాదాపు 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్ల వేగం) కావాలి, కనీసం దానికి రెట్టింపు ఉంటే ధైర్యంగా ఉండవచ్చు. 4 ఎంబీపీఎస్ లెక్కన గంటకు 1.8 జీబీ డేటా ఖర్చవుతుంది, అది కూడా చూసుకోండి. ఖాళీ హాల్లో బాగా వచ్చిన సిగ్నల్ జనం నిండాక పడిపోతుంది, అంతమంది ఫోన్లూ అదే టవర్ మీద పడతాయి కదా. వైరుతో వచ్చే నెట్ దొరికితే మరో ఆలోచన వద్దు.

బొమ్మ మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట వినపడకపోతే ఐదు నిమిషాల్లో వెళ్ళిపోతారు. ఫోన్ ఎక్కడో హాలు చివర స్టాండు మీద ఉంటే దానికి వినిపించేది కుర్చీల చప్పుడే. మైక్‌కు దూరం రెట్టింపు చేస్తే నేరుగా చేరే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే మాట్లాడేవాళ్ళ చొక్కాకు తగిలించే చిన్న మైకు, కెమెరా కంటే ముందు కొనాల్సిన వస్తువు. కాల్‌లో పాట పాడించాలనుకుంటే ఇంకో సంగతి: ఈ యాప్‌లు మాట తప్ప మిగతావన్నీ రొద అనుకుని నొక్కేస్తాయి. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" అనే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేసుకోవాలి. ఒకే గదిలో రెండు ఫోన్లు ఒకే కాల్‌లో ఉంటే కీచుమంటుంది, ఒకదానికి మైకూ స్పీకరూ రెండూ ఆపేయాలి.

మిగతావి చిన్నవే. ఫోన్ అడ్డంగా పెట్టండి. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడితే మొహాలు నల్లగా వస్తాయి. లైవ్ పెట్టిన ఫోన్‌కు ఎవరూ కాల్ చేయకుండా చూడండి, వైఫై ఉంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేస్తే సరిపోతుంది. ఛార్జరు తగిలించే ఉంచండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫోన్‌కు ఒక మనిషిని కేటాయించండి. అది మీరు కాకూడదు, మీకు ఆరోజు నూరు పనులు. ఇంట్లో పదిహేనేళ్ళ పిల్లలుంటే వాళ్ళకంటే సమర్థులు దొరకరు. వాళ్ళ పని మూడు ముక్కల్లో చెప్పండి: అడ్డం వచ్చినవాళ్ళను జరగమనాలి, అటువాళ్ళు రాసే మాటలు చదివి వినిపించాలి, అప్పుడప్పుడూ చెవులకు ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట వినిపిస్తోందో లేదో చూడాలి. చెల్లి పెళ్ళిరోజు మా దగ్గర ఈ మనిషే లేడు.

6. వాళ్ళకో పని అప్పజెప్పండి

కుర్చీలో కూర్చుని చూసే చుట్టం కంటే పని నెత్తిన వేసుకున్న చుట్టానికే వేడుక తమదనిపిస్తుంది. దూరంలో ఉన్నా అంతే.

ఆహ్వానంలో రాయాల్సిన మాటలు ఒకరిని రాయమనండి. పాత ఫోటోలు వెతికి పంపే పని చిన్ననాటి స్నేహితుడికి ఇవ్వండి. పేరు పెట్టే ముందు ఆఖరి రెండు పేర్లలో ఏది బాగుందో అమ్మమ్మను అడగండి, అడిగాక ఆవిడ చెప్పింది వినే ఉద్దేశం ఉంటేనే సుమా.

శుభాకాంక్షల వీడియోలు అడిగేటప్పుడు "ఏదైనా రెండు మాటలు చెప్పండి" అంటే అందరూ ఒకేలా "నిండు నూరేళ్ళు" అని ఊరుకుంటారు. "వాడు చిన్నప్పుడు చేసిన ఏ అల్లరి గుర్తుంది?" అని అడగండి, కథలు బయటికొస్తాయి. అర నిమిషం, ఫోన్ అడ్డంగా, గడువు వేడుకకు పది రోజుల ముందు. ఆ పది రోజుల్లో ఆరు రోజులు గుర్తుచేయడానికే పోతాయి.

లైవ్ ఉన్నా లేకపోయినా మరొకటి తప్పక చేయండి. జనం రాకముందు, పెళ్ళికూతురో పుట్టినరోజు పాపో తయారవుతున్న గదిలోంచి, కాగితం మీది ఆ ఐదారుగురికి తలా మూడు నిమిషాలు విడిగా వీడియో కాల్. చీర అంచు చూపించమంటారు, బొట్టు సరిచేసుకోమంటారు. హాల్లో కూర్చున్నవాళ్ళకు కూడా దొరకని సంగతులు అవి.

7. ఫోటోలు: తక్కువ పంపండి, పేర్లతో పంపండి

నూట ఎనభై కాదు, ఇరవై ఐదు. ఒకే నవ్వు ఏడుసార్లు వద్దు. ప్రతి ఫోటో కింద ఎవరెవరో ఒక వాక్యం రాయండి, పదేళ్ళుగా ఊరికి రానివాళ్ళకు కొత్త పిల్లలు ఎవరి పిల్లలో ఎలా తెలుస్తుంది? రాయడం బద్ధకమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి, పెద్దవాళ్ళకు అదే ఇంకా ఇష్టం.

వాట్సాప్ మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గించేస్తుంది. ప్రింటు వేయించుకునేవాళ్ళకు "డాక్యుమెంట్"గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఎక్కువ ఉంటే గూగుల్ ఫోటోస్‌లో షేర్డ్ ఆల్బం పెట్టి, అందరూ తమవి కూడా చేర్చేలా అనుమతి ఇవ్వండి. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మీ మెయిల్, డ్రైవ్ కూడా ఉంటాయని గుర్తుంచుకోండి.

ఫోన్ వాడనివాళ్ళకు పోస్టులో ప్రింట్లు పంపండి. 4×6 అంగుళాల ప్రింటు స్పష్టంగా రావాలంటే 1200×1800 పిక్సెళ్ళు చాలు, ఇప్పటి ఏ ఫోన్‌లో తీసినా అంతకు మించే ఉంటుంది. వెనకాల పేర్లు, తేదీ పెన్సిల్‌తో మెల్లగా రాయండి.

చంటిపిల్లల విషయంలో కాస్త జాగ్రత్త. పుట్టిన తేదీ, పూర్తి పేరు, ఆసుపత్రి చేతిపట్టీ కలిసి కనిపించే ఫోటో అందరికీ కనిపించేలా పెట్టకండి. కుటుంబమంతా ఊరెళ్ళిన ఫోటోలు తిరిగొచ్చాక పెట్టినా కొంపమునగదు.

8. వారం తర్వాత ఒక ఫోన్

హడావిడి తగ్గాక, వేడుక ఎవరిదో వాళ్ళచేతే ఆ ఐదారుగురికీ ఫోన్ చేయించండి. "థాంక్స్" ఒక్కటే కాదు, వాళ్ళు చేసిన పని పేరు పెట్టి చెప్పాలి: నువ్వు పంపిన ఆ పాత ఫోటో చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు, అని. వాళ్ళకు అక్కడ ఎవరితోనూ పంచుకోలేని ప్రశ్నలు బోలెడుంటాయి, ఎవరు వచ్చారు, ఎవరు అలిగారు, ఎవరు లావయ్యారు. తీరిగ్గా చెప్పండి.

మా చెల్లి కూతురి మొదటి పుట్టినరోజుకు వీడియోలు రాబట్టే పని పిన్నికి ఇచ్చాం. పద్నాలుగు మంది వెంటపడి పదమూడు తెప్పించింది. వారం తర్వాత చెల్లి ఫోన్ చేస్తే పిన్ని తన సంగతి ఒక్కటీ ఎత్తలేదు. "ఈసారి గడువు ఇంకో వారం ముందు పెట్టండే, మీ బాబాయిని నమ్మలేం" అంది.