కంపెనీకి వెళ్తే వద్దని కొట్టేసిన డ్రాయింగులు అడగండి

విశాఖలో డిజైన్ చదువుతూ, కాలేజీ తరఫున ఏదైనా కంపెనీలో పని చూడ్డానికి వెళ్తున్నవాళ్లకి ఒక మాట. పూర్తయిన వస్తువు చూపించమని అడక్కండి, అది వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఒకే పనికి సంబంధించిన మొదటి డ్రాయింగు, చివరిది, మధ్యలో కొట్టేసినవి పక్కపక్కన పెట్టి చూపించమనండి. ఏ మార్పు ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్నదే అసలు చదువు.

అట్టపెట్టెలు ముద్రించే చోటుకి వెళ్లారనుకోండి. జిగురు పూసే పట్టీ మీద మామూలుగా రంగు, వార్నిష్ వేయరు, వేస్తే జిగురు సరిగ్గా పట్టదు. మనం స్క్రీన్ మీద ఆ అంచు దాకా రంగు లాగేస్తాం. మిషన్ దగ్గరుండే అన్న ఒక్క చూపులో పట్టేస్తాడు. అందుకే డిజైనర్ పక్కనే కూర్చోకుండా ఆ అన్న దగ్గర కూడా కాసేపు నిలబడండి.

రివ్యూ మీటింగులో మూల కుర్చీ దొరికితే ఇంకా మంచిది. పేజీని రెండుగా మడిచి, ఎడమవైపు చూసింది, విన్నది మాత్రమే రాయండి. మీకు అనిపించింది కుడివైపు. రెండూ కలిపేస్తే రిపోర్టు రాసేటప్పుడు ఏది ఏదో తేలదు.

ఫొటో మాత్రం అడక్కుండా తీయొద్దు. మార్కెట్లోకి రాని మోడల్ వాట్సాప్ స్టేటస్‌లో కనబడితే తర్వాతి బ్యాచ్‌ని గేటు దాటనివ్వరు.

పెద్ద కంపెనీ దొరకలేదా? 2017లో జీఐ, అంటే ఫలానా చోటి సరుకని చెప్పే గుర్తింపు, వచ్చిన ఏటికొప్పాక చెక్క బొమ్మలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. లేత్ (కర్రని గిర్రున తిప్పే మిషన్) మీద తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క అదిమి రంగు ఎక్కిస్తారు. ఆ బొమ్మలన్నీ గుండ్రంగా ఎందుకుంటాయో అక్కడే కళ్లారా చూడొచ్చు.