అదనపు డీజిల్, నీళ్లు: బండిలో ఎక్కడ పెట్టాలి, ఎలా కట్టాలి

సాయంత్రం బండి ఆపి వెనక తలుపు తీసేసరికి కింద పరిచిన చాప తడిసి ముద్దయి ఉంది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పట్టుకుంటే తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. దాని పక్కన, అడుగు నుంచి రెండు వేళ్ల ఎత్తులో, సూది మొనంత చిల్లు. ఎదురుగా బండి గోడకున్న బోల్టు తల మీద నీలం ప్లాస్టిక్ పొడి. రోజంతా గతుకుల దారిలో ఆ క్యాను ఆ బోల్టుకు ఒరుసుకుంటూనే వచ్చింది. క్యాను నాసిరకం కాదు, బెల్టు తెగనూ లేదు. రెండింటి మధ్య ఒక రబ్బరు ముక్క పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు, అంతే. రెండో క్యాను ఉండబట్టి ఆ రాత్రి గడిచింది. అప్పటినుంచి ఎన్ని లీటర్లు తీసుకెళ్లాలన్న లెక్క కన్నా, తీసుకెళ్లేది కదలకుండా ఎలా ఉంచాలన్నదే నాకు ముఖ్యం.

లెక్క మరీ కష్టమేమీ కాదు. నా డీజిల్ బండి గట్టి మట్టిదారిలో లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తుంది, ఇసుకలో లో రేంజ్ (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు) వేస్తే 5 దాటదు. దారి 420 కిలోమీటర్లు, అందులో 120 ఇసుక అనుకుందాం. మట్టిదారికి 30 లీటర్లు, ఇసుకకు 24, మొత్తం 54. దారి తప్పడానికి, వెనక్కి తిరగడానికి ఇంకో పావు వంతు కలిపితే దాదాపు 68. అరవై లీటర్ల ట్యాంకులో నేను 55 మాత్రమే లెక్కలోకి తీసుకుంటాను. తగ్గింది 13, కాబట్టి ఒక్క ఇరవై లీటర్ల క్యాను చాలు. భయంతో ఇంకో రెండు ఎక్కించకండి. ఆ బరువు లాగడానికి మళ్లీ డీజిలే ఖర్చవుతుంది. నీళ్లు ఎండాకాలంలో మనిషికి రోజుకు 5 లీటర్లు, పైన ఒక రోజుకు సరిపడా అదనం. ఇద్దరికి మూడు రోజులంటే 40 లీటర్లు, అంటే 40 కిలోలు. నిండు డీజిల్ క్యాను ఇనుప డబ్బాతో కలిపి ఇరవై కిలోలు దాటుతుంది. అంతా కలిపితే బండిలో ఇంకో మనిషి ఎక్కినట్టే.

నలభై లీటర్ల నీళ్లను ఒకే ట్యాంకులో పోయకండి. పది లీటర్లవి నాలుగు తీసుకోండి. ఒకటి చిల్లు పడినా మూడు మిగులుతాయి, సగం ఖాళీ అయిన పెద్ద ట్యాంకులా మలుపుల్లో తొణికి బండిని పక్కకు లాగవు. తాగే నీటికి పనికొస్తుందని రాసి ఉన్న ప్లాస్టిక్ క్యానులే కొనండి. ఒకసారి డీజిల్ పోసిన క్యానులో ఎన్నిసార్లు కడిగినా నీళ్లు పోయకూడదు. రంగులు వేరుగా ఉంటే చీకట్లో కూడా పొరపాటు జరగదు. మా బండిలో నీళ్లవి నీలం, డీజిల్‌ది పసుపు.

బరువు కిందికి, రెండు యాక్సిళ్ల మధ్యకు రావాలి. అందుకే నీళ్ల క్యానులు ముందు సీట్ల వెనకే, నేలమీద ఉంటాయి. డీజిల్ క్యాను మాత్రం బయట, వెనక తలుపు పక్కన గట్టి ఇనుప చట్రంలో. చాలామంది రూఫ్ రాక్ మీద వరసగా పెడతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ ఏటవాలు దారిలో పైన బరువున్న బండి ఎంత ఊగుతుందో నడిపేవాళ్లకే తెలుస్తుంది. పైగా రాక్ మోయగల బరువులో రాక్ సొంత బరువూ కలిసి ఉందేమో చూసుకోవాలి. మీది పెట్రోల్ బండి అయితే, ఆ క్యాను మాత్రం మనుషులు కూర్చునే చోట ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుని నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. ఖాళీ అయిన క్యానులోనూ ఆ ఆవిరి ఉంటుందని మరిచిపోవద్దు.

కట్టడానికి సాగే తాళ్లు పనికిరావు. రాచెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించే పట్టీలు) రెండు అడ్డంగా, ఒకటి నిలువుగా వేయండి. క్యాను ఎక్కడెక్కడ ఇనుమును తాకుతుందో వేళ్లతో తడిమి, అక్కడ పాత ట్యూబు ముక్క పెట్టండి. తర్వాత రెండు చేతులతో క్యానును గట్టిగా ఊపండి. బండి మొత్తం ఊగాలి, క్యాను ఒక్కటీ కదలకూడదు. బయలుదేరిన అరగంటకు ఆగి మళ్లీ బిగించండి. మొదటి గతుకులకే బెల్టు ఎంతో కొంత వదులవుతుంది.

ఇంధనం నింపేటప్పుడు క్యాను బండిలోంచి దించి నేలమీద పెట్టి, బంకు పైపు గన్ను క్యాను మూతికి తాకించి నింపండి. స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ పుట్టకుండా అదే రక్ష. అంచు దాకా పోయకండి. 20 లీటర్ల పెట్రోల్ 25 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర లీటరు పెరుగుతుంది. పాత ఇనుప జెర్రీ క్యాను పైన పిడుల దగ్గర ఉబ్బెత్తుగా ఉండేది గాలికి చోటు కోసమే. మూతలోని రబ్బరు వాషర్‌ను గోటితో నొక్కి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చేయండి, అదనంగా రెండు జేబులో ఉంచుకోండి.

ట్యాంకులో ఇరవై లీటర్ల చోటు ఏర్పడగానే క్యానును అందులో ఒంపేయండి. చివరి వరకు దాచుకోవడం వల్ల లాభం లేదు. దారి బాగున్నప్పుడే, పగటి వెలుగులో, ఇంజన్ చల్లబడ్డాక, జాలీ ఉన్న గరాటుతో పోస్తే చుక్క కింద పడదు. పైపుతో లాగాల్సి వస్తే నోటితో పీల్చకండి, చేతిపంపు పెట్టుకోండి.

ఇంటికొచ్చాక నీళ్ల క్యానులు ఖాళీ చేసి, వంట సోడా వేసిన నీళ్లతో కడిగి, మూతలు తీసి నీడలో బోర్లించి ఉంచుతాను. బోల్టుకు ఒరుసుకున్న ఆ పాత క్యాను ఇప్పటికీ షెడ్డులో ఉంది. కొత్తగా బండిలో సామాను కట్టడం నేర్చుకునేవాళ్లకు ముందుగా ఆ చిల్లే చూపిస్తాను.