చౌడు చేలో మొక్కజొన్న పసుపెక్కిందా? యూరియా బస్తా విప్పే ముందు ఇవి చూడండి

బాపట్ల, రేపల్లె వైపు డెల్టా చివరి భూముల్లో, వరి కోసిన మాగాణిలో వేసే మొక్కజొన్నకు ఈ తిప్పలు ఎక్కువ. ఎండలు ముదిరేకొద్దీ ఉప్పు పైకి తేలుతుంది, పైరు పాలిపోతుంది. ముందు ఏ ఆకు పాలిపోయిందో చూడండి.

కింది ఆకులు కొన నుంచి నడి ఈనె వెంట పసుపెక్కితే

నత్రజని లోపమే. మరి వేసిన యూరియా ఏమైనట్టు? నేలలో ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్లే సరిగా తాగలేదు, నీటితో రావాల్సిన నత్రజనీ అంతే. పైగా ఉప్పులోని క్లోరైడు, వేరు తీసుకునే నత్రజని రూపమైన నైట్రేటుతో పోటీపడి వేరులోకి దూరుతుంది. ఉదజని సూచిక (pH) 8 దాటిన నేల మీద యూరియా చల్లి వదిలేస్తే అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది.

అందుకే ఒకేసారి గుమ్మరించకండి. ఎకరాకు 80 కిలోల నత్రజని లెక్కన 45 కిలోల యూరియా బస్తాలు దాదాపు నాలుగు (విత్తేటప్పుడు డీఏపీ వేస్తే అందులోని నత్రజని తగ్గించుకోవాలి). దీన్ని నాలుగు దఫాలు చేయండి. పదునులో, మొక్కకు కాస్త ఎడంగా కర్రతో గుంట తీసి, వేసి, మట్టి కప్పాలి. పైపైన చల్లితే సగం కష్టం వృథా. వేరు బాగా దెబ్బతిని ఉంటే సాయంత్రం పూట లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. ఇది తాత్కాలిక ఊరటే.

ఆకు అంచులు మాడి, మొక్కలు అక్కడక్కడా గిడసబారి, నేల మీద తెల్ల పొర ఉంటే

ఇది ఉప్పు పని, అంటే పాల చౌడు. మొక్కజొన్న ఉప్పును ఎక్కువ ఓర్చుకోదు; భూసార పరీక్షలో నేల లవణ సాంద్రత (ఈసీ) మీటరుకు 1.7 డెసీసీమెన్స్ (dS/m) దాటిన దగ్గర్నుంచే దిగుబడి తగ్గుతుంది. ముందు మంచి నీటితో తడిపి, ఉప్పును మురుగు కాలువలోకి దింపాలి. యూరియా ఆ తర్వాతే. ముందే వేస్తే ఉప్పుతో పాటు నైట్రేటు కూడా కొట్టుకుపోతుంది.

లేత ఆకుల్లో ఈనెకు రెండు పక్కలా తెల్ల చారలుంటే

జింకు లోపం. యూరియాతో పోదు. లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ పిచికారీ చేయండి.

నీళ్లు ఇంకక, పైన నల్లటి పొర కడితే

కారు చౌడు (సోడియం ఎక్కువైన క్షార నేల) కావచ్చు. ఒట్టి నీళ్లతో కడిగితే లొంగదు. భూసార పరీక్ష చేయించి, అందులో చెప్పినంత జిప్సం పంటకు ముందే వేసుకోవాలి.

కడగడానికి బోరు నీళ్లు పెట్టేవాళ్లు ముందు ఆ నీటిని పరీక్షకు పంపండి. ఉప్పు నీళ్లతో కడిగితే చేలో ఇంకాస్త ఉప్పు చేరుతుంది.