క్వార్టర్ కొనకముందే చేయాల్సిన పని

రాణిగంజ్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. సేఠ్ నలుగురి ముందు కేకలేసిన రోజు నా బండి ఇంటికి వెళ్లేది కాదు, వైన్స్ ముందు ఆగేది. మా తోడల్లుడి సంగతి వేరు. కోపం వస్తే పడుకుంటాడు. దావత్, బోనాలు, మ్యాచ్ గెలుపు వస్తే మాత్రం పట్టపగ్గాలుండవు. ఇద్దరిదీ ఆగలేనితనమే అయినా ఆగాల్సిన చోటు వేరు.

మీ చోటు ఏదో ముందు తెలుసుకోండి. మూడు వారాలు, తాగిన ప్రతిసారీ డైరీలో రెండు ముక్కలు రాయండి: అంతకు గంట ముందు ఏం జరిగింది, మనసు ఎలా ఉంది. నేను తొమ్మిది సార్లు తాగితే ఏడు మాటపడ్డ రోజులే. 2001లో వైట్‌సైడ్, లైనమ్ అనే పరిశోధకులు ఈ తొందరపాటును నాలుగు రకాలుగా విడదీశారు. బాధలో ఆగలేకపోవడం ఒకటి, థ్రిల్ కోసం వెతకడం ఇంకొకటి. తాగుడు సమస్యగా ముదరడానికి బాధలో ఆగలేకపోవడంతో గట్టి సంబంధం కనిపించిందని చదివి భయమేసింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను.

నిర్ణయం మొదటి పెగ్గుకు ముందే జరగాలి. ‘ఇక చాలు’ అని చెప్పే మెదడు ముందు భాగాన్నే మందు మొద్దుబారుస్తుంది. గ్లాసు పట్టుకుని ‘రెండే’ అనుకుంటే నిలవదు.

నేను పొద్దున్నే ఇలా రాసుకుంటాను: ‘సేఠ్ అరిస్తే బండి షాపులోనే ఉంచి ప్యారడైజ్‌లో మెట్రో ఎక్కుతా.’ మా ఆవిడకు ‘ఇవాళ మాటపడ్డాను’ అని మెసేజ్ పెడతాను, అంతే, ఆమె ఇంకేం అడగదు. అమీర్‌పేట్‌లో రైలు మారి మూసాపేట్ చేరేసరికి, ఆ కాసేపట్లో, కోరిక అలలా లేచి దిగిపోతుంది. ఎర్రగడ్డ దాటాక ఆకలి తెలుస్తుంది. తోడల్లుడికైతే దావత్‌కు ముందే కడుపునిండా తినడం, పిల్లల్ని వెంట తీసుకెళ్లడం పనిచేశాయి.

రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం ఉన్నపళంగా మానొద్దు. వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ దగ్గరుండి మాన్పించాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్లడానికి సిగ్గుపడకండి. అంతదాకా వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.