ఒంగోలు ప్రాంతంలో పునాదికి ముందు నేల కదలికను అంచనా వేయడం

1967 మార్చి 27న ఒంగోలు పరిసరాల్లో 5.4 పరిమాణం గల భూకంపం వచ్చింది. 2024 డిసెంబరులోనూ ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో స్వల్ప ప్రకంపనలు కలిగాయి. ఒకే ప్రకంపన చీమకుర్తి గ్రానైటు మీద కన్నా గుండ్లకమ్మ నది ఒండ్రు మీద ఎక్కువగా ఊపుతుంది కనుక, నేలలో కోత తరంగాల (నేలను పక్కలకు ఊపుతూ సాగే షియర్ తరంగాల) వేగాన్ని ముందే కొలవాలి. ఇందుకు తవ్వకం అవసరం లేని ఉపరితల తరంగాల సర్వే చాలు; నేల పైభాగంలో సాగే తరంగాలను నమోదు చేసి, వాటి నుంచి కోత తరంగాల వేగాన్ని లెక్కగడతారు.

చదునైన చోట 24 జియోఫోన్లను (నేల కంపనాన్ని నమోదు చేసే పరికరాలను) మూడేసి మీటర్ల దూరంలో, మొత్తం 69 మీటర్ల వరుసగా నిలువుగా నాటండి. కొలవగల అతి పెద్ద తరంగదైర్ఘ్యం సుమారు వరుస పొడవంత, అందులో సుమారు సగం లోతు వరకే వివరం తెలుస్తుంది కాబట్టి, 30 మీటర్ల లోతు చూడాలంటే వరుస 60 మీటర్ల కంటే పొట్టిగా ఉండకూడదు. నల్లరేగడిలో జియోఫోన్ మేకు నెర్రెలో పడితే ఆ నమోదు పనికిరాదు. పైమట్టి తీసి గట్టిగా గుచ్చాలి. వరుసకు రెండు చివరలా, కొంత ఎడంగా ఇనుప పలక ఉంచి, పెద్ద సుత్తితో ఐదు నుంచి పది దెబ్బలు కొట్టి ఆ నమోదులను కలపండి. సముద్రపు గాలి లేవకముందే, తెల్లవారుజామున ఈ పని ముగించడం మేలు. సుత్తి దెబ్బలో, లోతు పొరల వివరమిచ్చే తక్కువ పౌనఃపున్యాలు బలహీనంగా ఉంటాయి. ఆ లోటును 16వ నంబరు జాతీయ రహదారి మీది లారీల అదురును విడిగా నమోదు చేసి పూడ్చుకోవచ్చు.

నేల తరగతిని పై 30 మీటర్ల సగటు కోత తరంగ వేగాన్ని బట్టి నిర్ణయిస్తారు; లెక్కలో ఎక్కువమంది పొరబడేది ఈ సగటు దగ్గరే. పై 9 మీటర్లలో వేగం సెకనుకు 150 మీటర్లు, కింది 21 మీటర్లలో 525 మీటర్లు అనుకుందాం. తరంగం పట్టే కాలాలు 0.06, 0.04 సెకన్లు, 30 మీటర్లను వాటి మొత్తం 0.1తో భాగిస్తే సరైన సగటు 300 వస్తుంది. వేగాలనే మందాల ప్రకారం సగటు చేస్తే 412 వచ్చి, సగటు వేగం సెకనుకు 180–360 మీటర్ల మధ్య ఉండే డి తరగతి నేల గట్టిదైన సి తరగతిగా కనిపిస్తుంది. ఇది ప్రాణాలకు సంబంధించిన పొరపాటు. పైపొర సహజ ఆవర్తన కాలం, మందాన్ని నాలుగుతో గుణించి వేగంతో భాగిస్తే, 0.24 సెకన్లు, రెండు మూడంతస్తుల ఇళ్ల ఊగిసలాట కాలం కూడా దాదాపు అంతే కాబట్టి, ఆ నేల మీద అలాంటి ఇళ్లకే ఎక్కువ జాగ్రత్త కావాలి.

కొత్తపట్నం వంటి తీరపు ఇసుకలో పీడన తరంగ (నేలను నొక్కుతూ, సాగదీస్తూ సాగే తరంగం) వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లకు చేరిన లోతు నుంచి నేల నీటితో నిండి ఉన్నట్టు. అక్కడ కోత తరంగ వేగం 200 లోపే ఉంటే ప్రకంపనలో ఇసుక పట్టు తప్పి ద్రవంలా మారే (ద్రవీకరణ) ప్రమాదం ఉంటుంది కనుక, బోరు వేసి మట్టి నమూనా పరీక్షించాకే పునాది రకం నిర్ణయించండి.