బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత కడుపు బాధలు: ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆపరేషన్ అయిపోయి బయటికొచ్చేసరికి గండం గడిచిందనిపిస్తుంది. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు, రెండు మూడు రోజుల్లో డిశ్చార్జ్. అసలు పని ఇంటికొచ్చిన మొదటి పూటే మొదలవుతుంది. గుక్కెడు నీళ్లకే ఛాతీలో పట్టేసినట్టుంటుంది, రెండు స్పూన్లకే వికారం వస్తుంది, నాలుగు రోజులైనా విరేచనం కాదు. ఇవన్నీ ముందే తెలియకపోతే ఇంటిల్లిపాదికీ టెన్షనే. మా అక్క స్లీవ్ సర్జరీ చేయించుకున్నప్పుడు ఆమె తిండి, మందులు నేనే చూసుకున్నాను. అప్పుడు నేర్చుకున్నవి, డాక్టర్లు, డైటీషియన్లు పదే పదే చెప్పేవి ఇక్కడ రాస్తున్నాను. మీ సర్జన్ ఇచ్చిన డైట్ చార్టు దీనికి తేడాగా ఉంటే ఆ చార్టునే పాటించండి.

ముందుగా, జరిగింది ఏ ఆపరేషనో ఇంట్లో అందరికీ తెలిసుండాలి. స్లీవ్‌లో పొట్టలో ఇంచుమించు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, అరటికాయలాంటి సన్నటి గొట్టం మిగులుతుంది. బైపాస్‌లో (ఇది గుండెకు చేసే బైపాస్ కాదు, పొట్టకు చేసేది) సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. స్లీవ్ అయినవాళ్లను గుండెల్లో మంట ఎక్కువగా వేధిస్తుంది. బైపాస్ అయినవాళ్లలో చాలామందికి తీపి పడదు. మినీ బైపాస్‌లో, అంటే పొడవాటి సంచి చేసి పేగుకు ఒకే చోట అతికే రకంలో, కొందరికి పైత్యరసం వెనక్కి ఎగదన్నుతుంది. ఒకరికి పనిచేసిన చిట్కా ఇంకొకరికి పనికిరాకపోవడానికి సగం కారణం ఇదే.

వాంతులు, ఛాతీలో పట్టేయడం

మొదటి నెలల్లో వచ్చే వాంతులకు చాలావరకు కారణం తిన్న పదార్థం కన్నా తిన్న వేగం, ముద్ద సైజు. పాత అలవాటు అంత తొందరగా పోదు. చెయ్యి పెద్ద ముద్ద కలిపేస్తుంది, నోరు నాలుగు నమిలి మింగేస్తుంది, లోపల మాత్రం చోటు లేదు. అందుకే అక్కకు కంచం తీసేసి, ఇంట్లో పిల్లల కోసం దాచిన ఉగ్గుగిన్నె, చిన్న స్పూను పెట్టాను. గిన్నెలో పట్టినంతే ఆ పూటకి. ఒక్కో స్పూను నోట్లో పూర్తిగా జావలా అయ్యాకే మింగాలి, ఇంకో స్పూనుకి ముందు ఒక నిమిషం ఆగాలి. ఆ కాస్త తినడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, పట్టాలి కూడా. టీవీ, ఫోన్ ఆ సమయంలో వద్దు.

కడుపు నిండిందన్న సంగతి మునుపటిలా తెలియదు. కొందరికి ఎక్కిళ్లు వస్తాయి, కొందరికి ముక్కు కారుతుంది, ఇంకొందరికి తుమ్ము వస్తుంది. మా అక్కకు ముక్కు కారేది. ఆ గుర్తేదో పట్టుకుంటే సగం వాంతులు ఆగిపోతాయి. గుర్తు వచ్చాక ‘ఈ ఒక్క స్పూను పారేయడం ఎందుకు’ అనుకున్నారా, అదే పైకి వస్తుంది. ముద్ద ఇరుక్కుంటే ఛాతీ మధ్యలో నొప్పి, నోటి నిండా లాలాజలం, తెల్లటి నురగ వస్తాయి. అప్పుడు నీళ్లు తాగి కిందికి తోయబోతే బాధ ఎక్కువవుతుంది. లేచి నెమ్మదిగా నాలుగడుగులు నడవండి, ఆ పూటకు తిండి ఆపేయండి.

సాధారణంగా మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత రెండు వారాలు మిక్సీలో మెత్తగా పట్టినవి, ఆ తర్వాత ఆపరేషనై ఆరు నుంచి ఎనిమిది వారాలు నిండేదాకా మెత్తటి తిండి. మన వంటింట్లో దీనికి కావలసినవన్నీ ఉన్నాయి: వడగట్టిన పప్పుకట్టు, పలుచటి మజ్జిగ, కారం లేని చారు, తర్వాత మెత్తగా చేసిన పప్పు, పెరుగు, బాగా ఉడికించి మెదిపిన గుడ్డు, ముళ్లు తీసిన చేప. ఎక్కువమందికి ఇబ్బంది పెట్టేవి ముద్దన్నం, చపాతీ, బ్రెడ్, గట్టి మటన్, పొడిపొడి చికెన్ వేపుడు, పీచున్న మునగకాడ. రాగిజావ మంచిదే, కానీ దాంతోనే కడుపు నిండిపోతే ప్రోటీన్‌కు చోటుండదు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అందాలంటే ప్రతి పూటా గుడ్డో, పప్పో, పెరుగో, పనీరో ముందు, మిగతాది తర్వాత.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే ‘ఆపరేషన్ అయింది కదా, మామూలే’ అని కూర్చోవద్దు. శరీరంలో బీ1 విటమిన్, అంటే థయామిన్ నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది పడిపోతే ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలడం, తికమకగా మాట్లాడటం మొదలవుతాయి. ఆలస్యమైతే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగులుతుంది. అప్పుడు గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందే థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. నీరసంగా ఉందని దగ్గర్లోని క్లినిక్‌లో గ్లూకోజ్ బాటిల్ పెట్టించేస్తాం కదా, ఆ అలవాటు వీళ్ల విషయంలో ప్రమాదం. ఏ ఆపరేషన్ అయిందో, ఎన్నాళ్లుగా వాంతులవుతున్నాయో డాక్టరుకు ముందుగా చెప్పండి.

నీళ్లు

భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు. తిన్నాక కనీసం అరగంట ఆగాలి. ఈ నియమం వల్ల, పైగా ఒక్కసారిగా తాగలేకపోవడం వల్ల, నీళ్లు తక్కువైపోతాయి. డిశ్చార్జ్ తర్వాత మళ్లీ ఆసుపత్రికి పరిగెత్తడానికి నీరు తగ్గిపోవడం ఒక ముఖ్య కారణం. మన ఎండాకాలంలో అయితే మరీనూ. లీటర్ బాటిల్ పక్కన పెట్టుకుని పొద్దున్నుంచి పడుకునేదాకా గుటక గుటకగా తాగుతూ ఉండాలి, రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు లక్ష్యం. స్ట్రా వాడితే గాలి కూడా లోపలికి పోయి కొందరికి కడుపు ఉబ్బుతుంది. సోడా, కూల్‌డ్రింక్స్ వద్దు. మూత్రం ముదురు పసుపులోకి మారినా, లేవగానే కళ్లు తిరిగినా నీళ్లు చాలడం లేదని అర్థం. బీపీ, షుగర్ మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటున్నారేమో కూడా చూడండి. ఆపరేషన్ తర్వాత షుగర్ త్వరగా దిగుతుంది, ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి వాటి మోతాదు డాక్టరు మార్చాలి.

తీపి తిన్నాక వచ్చే గాభరా

డాక్టర్లు దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్‌లో ఎక్కువ, స్లీవ్‌లోనూ కొందరికి ఉంటుంది. పాయసం, బొబ్బట్టు, చెరకు రసం, మామిడిపండు జ్యూస్ లాంటివి ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగితే, అక్కడికి ఒంట్లోంచి నీరు లాక్కుంటాయి. తిన్న పది నిమిషాల నుంచి గంటలోపు గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, వెంటనే లూజ్ మోషన్. అలా అయితే కాసేపు పడుకోవాలి, తగ్గిపోతుంది. రెండో రకం గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది: షుగర్ పడిపోయి చేతులు వణుకుతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి. గ్లూకోమీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే కొద్దిగా చక్కెర నీళ్లు తాగి, ఆ తర్వాత ప్రోటీన్ ఉన్నది ఏదైనా తినాలి. మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరును కలవాలి, ఆ స్థితిలో బండి నడపకూడదు.

పెళ్లిళ్లు, పండగలు ఈ విషయంలో పెద్ద పరీక్ష. ‘సగమైపోయావు తల్లీ, ఈ ఒక్క బొబ్బట్టు తిను’ అని ప్రేమగా విస్తట్లో వేసే పెద్దమ్మను కాదనడం కష్టం. ఇంట్లోవాళ్లు ముందే ఫోన్ చేసి ఫలానా సమస్య ఉందని చెప్పి, విస్తరి ముందు పక్కన కూర్చోవాలి. పేషెంట్ ఒక్కరి మీదే ఆ భారం వేయడం అన్యాయం.

విరేచనం, గ్యాస్, మంట

తిండి తగ్గింది కాబట్టి విరేచనం రెండు మూడు రోజులకోసారి కావడం చాలామందికి మామూలే. గట్టిపడితే నీళ్లు, నడక, అప్పటికీ కాకపోతే డాక్టరు రాసిన సిరప్. ఐరన్ మాత్రలు మలబద్ధకాన్ని పెంచుతాయి, అయినా సొంతంగా మానేయకూడదు. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల తేడా ఉంచాలి. ఐరన్ వల్ల మలం నల్లబడుతుంది. అది తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం రక్తస్రావం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పాలు తాగగానే కడుపు ఉబ్బి మోషన్స్ అవుతుంటే పాలు ఆపి పెరుగు, మజ్జిగ తీసుకుని చూడండి. పుల్లటి తేన్పులు, మంట ఉంటే పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం ముగించండి, తలవైపు మంచం కాస్త ఎత్తు చేయండి, గ్యాస్ మాత్ర చెప్పినన్నాళ్లూ వేసుకోండి. కొత్తావకాయకు కొన్ని నెలలు దూరంగా ఉండక తప్పదు.

నొప్పి మాత్రల సంగతి చాలామందికి తెలియదు. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, సిగరెట్, ఈ రెండూ బైపాస్ అతుకు దగ్గర పుండు పడేలా చేస్తాయి. పళ్ల డాక్టరు దగ్గరికెళ్లినా ఈ ఆపరేషన్ సంగతి చెప్పాలి. త్వరగా బరువు తగ్గడం వల్ల పిత్తాశయంలో రాళ్లు కూడా ఏర్పడొచ్చు. అందుకోసం ఆరు నెలలు వాడమని మాత్ర రాసి ఉంటే మధ్యలో ఆపకండి.

ఆలస్యం చేయకూడనివి

మొదటి రెండు మూడు రోజులు గ్యాస్ వల్ల భుజం లాగడం సహజం. జ్వరం, నిమిషానికి 120 దాటిన గుండె వేగం, ఆయాసం, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలోకి పాకే నొప్పి ఉంటే మాత్రం పొట్ట లోపలి కుట్ల దగ్గర లీకు అయి ఉండొచ్చు. అర్ధరాత్రయినా సర్జన్‌కు ఫోన్ చేయాల్సిందే. ఒక రోజంతా గుక్క నీళ్లు కూడా నిలవకపోతే, రక్తం వాంతి అయితే, పిక్క వాచి నొప్పెడితే కూడా అంతే.

బైపాస్ అయినవాళ్లకు నెలలు, ఏళ్లు గడిచాక కూడా పేగు మడతపడి ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. తిన్నాక మెలిపెట్టే నొప్పి వచ్చి పోతూ ఉంటుంది, ఎండోస్కోపీలో ఏమీ కనిపించకపోవచ్చు. గ్యాస్ అని సర్దుకుపోకుండా సీటీ స్కాన్ గురించి అడగండి. డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో, సర్జన్ నంబరు పేషెంట్ ఫోన్‌లోనే కాక ఇంట్లో ఇంకో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ఊళ్లో ఉన్నప్పుడు నొప్పి వస్తే అక్కడి డాక్టరు మొదట అడిగేది అదే.